నాలుగు రాత్రులా, ఏడు రాత్రులా?

రెజైనాలో ఉండేవాళ్లకి ఏ సముద్రమూ దగ్గర కాదు. పడమటికి కారులో వెళ్తే వాంకూవర్ 1,700 కిలోమీటర్ల పైమాటే. ఫ్లోరిడా వెళ్లాలంటే టొరంటోలోనో మరోచోటో విమానం మారాలి. అదే మియామీలో ఉండే కుటుంబమైతే శుక్రవారం మధ్యాహ్నం ఓడెక్కి, సోమవారం పొద్దున్నే దిగి, ఆ రోజే పనిలోకి వెళ్లిపోగలదు. "మొదటిసారి కదా, మూడు నాలుగు రాత్రులు చాలు" అన్న సలహా అలాంటి ఊళ్లకి చక్కగా కుదురుతుంది. అది మన దాకా వచ్చేసరికి ఊరి సంగతి పోయి, రాత్రుల లెక్క ఒక్కటే మిగులుతుంది. ప్రెయిరీ నడుమ బతికే తెలుగు కుటుంబానికి ఆ లెక్క సరిపోతుందా అని మా ఇంట్లో గట్టి వాదనే జరిగింది.

వాదించుకున్నది నా భార్య, ఆమె తమ్ముడు. ఆమె ఇక్కడ నర్సు. అతను ఐటీలో పనిచేస్తాడు; భార్య, రెండేళ్లు దాటిన పాప ఉన్నారు. అత్తయ్యగారు, మామయ్యగారు తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద విశాఖ నుంచి వచ్చి మాతో ఉన్నారు. మామయ్యగారు పోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. జీవితమంతా ఓడల్ని చూసినా ప్రయాణికుడిగా ఒక్కసారీ ఎక్కలేదు. మా పిల్లలిద్దరితో కలిపి తొమ్మిదిమందిమి. అక్కాతమ్ముళ్ల మాటల్ని వాళ్ల తీరులోనే రాస్తున్నాను. నాకూ ఒక అభిప్రాయం ఉంది, దాన్ని దాచను.

తమ్ముడు: అక్కా, నాది ఒకటే మాట. ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే వారం బళ్లకి సెలవు. బయట మైనస్ ముప్పై ఉంటుంది. ఆ వారం ఫ్లోరిడా వెళ్లి, సోమవారం ఎక్కి శుక్రవారం దిగే నాలుగు రాత్రుల బహామాస్ క్రూజ్ ఎక్కుదాం. సోమవారం ఎలాగూ పబ్లిక్ హాలిడే, నాకు పోయేవి నాలుగు లీవులు. మనలో ఎవరమూ ఇంతవరకు ఓడెక్కలేదు. అమ్మకి కారులో వెనక సీటులో కూర్చుంటేనే కళ్లు తిరుగుతాయి. పాపకి ఇంకా డైపర్ వేస్తున్నాం. ముందు నాలుగు రోజులు చూద్దాం, నచ్చితే ఇంకోసారి వారం వెళ్దాం.

అక్క: ఆ నాలుగు రాత్రుల కోసం ఎన్ని రోజులు పెడుతున్నావో చూశావా? శనివారం పొద్దున ఇక్కడ బయల్దేరితే ఓర్లాండో చేరేసరికి రాత్రి అవుతుంది. ఆదివారం హోటల్లో ఉండాలి. ఫిబ్రవరిలో ఇక్కడ మంచుతుఫాను పడితే విమానం ఎప్పుడు లేస్తుందో తెలీదు, ఓడ మాత్రం మన కోసం ఆగదు. అందుకని ఆ రోజు వదులుకోక తప్పదు. సోమవారం మధ్యాహ్నం ఓడెక్కుతాం. శుక్రవారం టిఫిను కాగానే దింపేస్తారు. శనివారం ఇంటికి. మొత్తం ఎనిమిది రోజులు. ఓడ మీద పొద్దున్నుంచి రాత్రి దాకా ఉండేది మంగళ, బుధ, గురువారాలు. మూడంటే మూడు రోజులు.

తమ్ముడు: నువ్వంటున్న ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్‌కి అంతకంటే తక్కువ పడుతుందా?

అక్క: ఆగస్టు మొదటి సోమవారం సస్కాచెవాన్ డే. దాని ముందు శనివారం వాంకూవర్ చేరతాం. ఆదివారం కెనడా ప్లేస్‌లో ఓడెక్కి, ఏడు రాత్రుల తర్వాత మళ్లీ ఆదివారం పొద్దున అక్కడే దిగుతాం. సాయంత్రం విమానానికి ఇంటికి. తొమ్మిది రోజులు. అందులో ఓడ మీద నిండు రోజులు ఆరు. నీకు పోయేవి అప్పుడూ నాలుగు లీవులే. ఒక్క రోజు ఎక్కువ పెడితే ఓడ మీద గడిపే రోజులు రెట్టింపవుతున్నాయి.

ఈ లెక్క విన్నాక నేను క్యాలెండర్ తీసి చూశాను, ఆమె చెప్పింది నిజమే. లీవుల సంగతి ఇక్కడి తెలుగువాళ్లకి చిన్న విషయం కాదు. సస్కాచెవాన్ చట్టం మొదటి ఏడాది నుంచే మూడు వారాల వార్షిక సెలవు ఇస్తుంది. కెనడాలో చాలా రాష్ట్రాలు రెండు వారాలతోనే మొదలుపెడతాయి. అయినా ఆ మూడు వారాలూ ఇండియా ప్రయాణానికే చాలవు. ఒక పెళ్లికో, ఎవరికో బాగోలేదని తెలిసో వెళ్లామంటే ఆ ఏడాది సెలవు అయిపోయినట్టే. అమ్మానాన్నలు ఇక్కడ ఉన్న ఏడాదే మనకి ఇండియా ప్రయాణం తప్పుతుంది, కాస్త లీవు మిగులుతుంది. కాబట్టి ఆ నాలుగు రోజుల్ని దేనికి ఖర్చు పెడతామన్నది పైకి కనిపించినంత తేలిక ప్రశ్న కాదు.

తమ్ముడు: నీకు ఆగస్టులో లీవు ఇస్తారా? నర్సులకి వేసవి సెలవు సీనియారిటీ చూసి గదా ఇచ్చేది.

అక్క: అందుకే ఇప్పటినుంచీ మాట్లాడుతున్నాను. వేసవికి ఏమీ అనుకోకుండా కూర్చుంటే ఫిబ్రవరి వచ్చేస్తుంది, నీ బహామాసే మిగులుతుంది.

తమ్ముడు: సరే, అమ్మ సంగతి చెప్పు. ఓడ ఊగి అమ్మకి వాంతులు పట్టుకుంటే? నాలుగు రాత్రులైతే ఎలాగో ఓర్చుకుంటుంది. ఏడు రాత్రులంటే శిక్ష.

అక్క: ఆ ఊపుకి చాలామంది ఒళ్లు రెండు మూడు రోజుల్లో అలవాటుపడుతుంది. నాలుగు రాత్రుల ఓడలో సరిగ్గా అలవాటయ్యే వేళకి పెట్టెలు సర్దుకోమంటారు. బాధంతా అమ్మకి మిగిలి, సుఖపడే రోజులు రాకుండానే దిగిపోతుంది. పైగా ఫిబ్రవరిలో ఫ్లోరిడా సముద్రం ఎప్పుడూ నిలకడగా ఉంటుందనుకోకు. ఉత్తరం నుంచి చలిగాలులు దిగినప్పుడు అవి గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహానికి ఎదురు కొడతాయి, అలలు నిటారుగా లేస్తాయి. వాంకూవర్ నుంచి అలాస్కా వెళ్లే ఓడ చాలా దూరం దీవుల చాటునే, ఇన్‌సైడ్ పాసేజ్ అనే దారిలో పోతుంది. క్వీన్ షార్లెట్ సౌండ్ దగ్గర కొన్ని గంటలు, డిక్సన్ ఎంట్రన్స్ దగ్గర కొంతసేపు బయటి సముద్రం తగులుతుంది. సియాటిల్ నుంచి బయల్దేరేవైతే చాలామటుకు వాంకూవర్ దీవికి పడమటగా పసిఫిక్ మీద పోతాయి. నేను ఏడు రాత్రులు అంటున్నది వాంకూవర్ ఓడకి మాత్రమే. కేబిన్ కూడా ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో తీసుకుందాం. అక్కడ ఊపు తక్కువ.

అత్తయ్యగారు అంతవరకు మాట్లాడలేదు. అప్పుడు ఒక్క మాట అన్నారు: "మా తాతయ్య రంగూన్ నుంచి డెక్ టికెట్టు మీద వచ్చేవాడు. ఎండా వానా అక్కడే, తిండీ నిద్రా అక్కడే. నాకోసమని మీరేమీ తగ్గించుకోవద్దు." కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి రంగూన్‌కి ఓడలు నడిచిన రోజుల్లో ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలాదిమంది అలాగే కూలికి వెళ్లారు. మన కుటుంబాల్లో ఓడ ప్రయాణం కొత్తది కాదు. సరదాకి ఎక్కడం మాత్రం ఇదే మొదలు.

తమ్ముడు: రంగూన్ ఓడెక్కినవాళ్లకి ఎన్ని రాత్రులు కావాలని ఎవరూ అడగలేదమ్మా. అక్కా, నాన్నని అడుగు. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖ వచ్చిన కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ ఓడ గుర్తుంది కదా? దాన్ని 1990లో నార్డిక్ ఎంప్రెస్ అన్న పేరుతో నడపడం మొదలుపెట్టారు. మూడు నాలుగు రాత్రుల ప్రయాణాల కోసమనే ప్రత్యేకంగా కట్టిన ఓడ అది. ఓడల వ్యాపారం తెలిసినవాళ్లు ముప్పై అయిదేళ్ల కిందటే చిన్న ప్రయాణానికి అంత డబ్బు పెట్టారు. 2024లో రాయల్ కరీబియన్ యుటోపియా ఆఫ్ ది సీస్ అనే అంత పెద్ద ఓడని తెచ్చి మొదట్నుంచీ మూడు, నాలుగు రాత్రులకే నడుపుతోంది. కొత్తవాళ్లకి చిన్నది మంచిదని కాకపోతే ఎందుకు నడుపుతారు?

అక్క: ఫ్లోరిడాలో ఉన్నవాళ్లకి, అక్కడికి తేలిగ్గా రాగలిగినవాళ్లకి మంచిదే. నేనే విశాఖలో ఉంటే నీ పక్షాన ఉండేదాన్ని. 2023లో అక్కడ దాదాపు 96 కోట్లతో క్రూజ్ టెర్మినల్ కట్టారు. ఇంటి దగ్గర ఆటో ఎక్కితే హార్బరు. అలాంటప్పుడు మూడు రాత్రులు వెళ్లి రావచ్చు, నచ్చకపోతే పోయేదేమీ లేదు. మనం తొమ్మిదిమందికి విమానం టికెట్లు కొనాలి. ఓడలో రాత్రులు తగ్గాయని విమానం ఛార్జీ తగ్గదు, ముందురోజు హోటల్ బిల్లూ తగ్గదు. ఆ ఖర్చునంతా మూడు రోజుల మీద వేసుకుంటావా, ఆరు రోజుల మీదా?

తమ్ముడు: మొత్తం ఎంతవుతుందో కూడా చూడాలిగా. టికెట్టుతో అయిపోదు. టిప్పుల కిందే చాలా కంపెనీలు మనిషికి రోజుకు 16 నుంచి 20 అమెరికన్ డాలర్లు వేస్తాయి, పిల్లలకీ ఎక్కువచోట్ల వేస్తాయి. తొమ్మిదిమందికి ఏడు రాత్రులంటే అదొక్కటే వెయ్యి డాలర్ల పైమాటే. నాలుగు రాత్రులైతే ఆరేడు వందల్లో అయిపోతుంది. ఊళ్లలో దిగినప్పుడల్లా రైలనీ పడవనీ ఖర్చు ఉండనే ఉంటుంది. ఇల్లు కొని రెండేళ్లయింది నాకు.

అక్క: అది ఒప్పుకుంటాను. డబ్బు కుదరకపోతే ఇంకో ఏడాది ఆగుదాం. కానీ తక్కువ అవుతుందని సగం ప్రయాణం కొనుక్కోవద్దు. ఊళ్లలో దిగినచోట అన్నీ చెయ్యాలని లేదు. జూనోలో రేవు చుట్టూ నడిచి రావడానికి డబ్బు అక్కర్లేదు.

ఇక్కడ నా మాట ఒకటి. అలాస్కాకి నాలుగు రాత్రుల ప్రయాణం అడిగినా మామూలుగా దొరకదు, ఆ దూరం అలాంటిది. వాంకూవర్‌లో మధ్యాహ్నం బయల్దేరిన ఓడ మర్నాడంతా ప్రయాణం చేస్తుంది. సాధారణంగా మూడో రోజు జూనో, నాలుగో రోజు స్కాగ్వే, అయిదో రోజు గ్లేసియర్ బే, ఆరో రోజు కెచికాన్, ఏడో రోజు మళ్లీ నీళ్ల మీద. గ్లేసియర్ బేలోకి రోజుకు రెండు పెద్ద క్రూజ్ ఓడల్ని మించి రానివ్వరు; కాబట్టి ఓడ ఎంచుకునేటప్పుడు అది అక్కడికి వెళ్తుందా లేదా అని చూసుకోవాలి, అన్ని అలాస్కా ఓడలూ వెళ్లవు. దారిలో వాంకూవర్ దీవి పక్కన సీమోర్ నారోస్ అనే ఇరుకు జలసంధి వస్తుంది. అక్కడ నీటి అడుగున రిప్పిల్ రాక్ అనే కొండ ఎన్నో పడవల్ని ముంచింది. సొరంగాలు తవ్వి, మందుగుండు నింపి, 1958 ఏప్రిల్ 5న దాని తలను పేల్చేశారు. ఇప్పటికీ పెద్ద ఓడలు ఆటుపోట్ల వేగం తగ్గే సమయం చూసుకునే అక్కడ దాటుతాయి. ఇది చెప్పగానే మామయ్యగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. ఆ సమయం ఎవరు నిర్ణయిస్తారు, పైలట్ ఎక్కడ ఎక్కుతాడు అని అడిగారు. నలభై ఏళ్లు రేవులో గడిపిన మనిషికి ఈత కొలను ఉన్న బహామాస్ దీవి కంటే ఈ దారి నచ్చుతుందని నాకు అప్పుడే అర్థమైంది.

తమ్ముడు: నాన్న గురించే నా అసలు భయం. స్టెంట్ వేయించుకున్న మనిషి. ఓడలో డాక్టరు ఉంటారు గానీ పెద్ద వైద్యం చెయ్యలేరు. జూనోకి బయటి నుంచి రోడ్డు కూడా లేదు. పెద్ద జబ్బయితే సియాటిల్‌కో యాంకరేజ్‌కో విమానంలో తీసుకెళ్లాల్సి వస్తుంది. బహామాస్ ఓడ ఎటు తిరిగినా ఫ్లోరిడాకి దగ్గర్లోనే ఉంటుంది.

అక్క: ఇందాకట్నుంచీ నువ్వు చెప్పినవాటిలో దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. నాన్న గుండె డాక్టరు వద్దంటే నేను ఏడూ అనను, నాలుగూ అనను. వెళ్లమంటే ఇన్సూరెన్సు ముందు చూడాలి. సస్కాచెవాన్ హెల్త్ కార్డు మీద దేశం బయట ఆసుపత్రిలో చేరితే రోజుకు ఇచ్చేది 100 డాలర్ల వరకే. చేరకుండా చూపించుకుంటే 50. అమెరికాలో ఆ డబ్బు దేనికీ రాదు. అమ్మానాన్నలకి ఆ కార్డు కూడా లేదు. సూపర్ వీసాకి తీసుకున్న లక్ష డాలర్ల పాలసీ కెనడాలో వైద్యం కోసం. అది అలాస్కాలో పనిచేస్తుందా, పాత గుండె జబ్బుని ఒప్పుకుంటుందా అన్నది పాలసీ కాగితం చదివితే గానీ తెలీదు. నాలుగు రాత్రులకైనా ఇదంతా తప్పదు, తమ్ముడూ. బహామాస్ ఓడ దిగి వెళ్లేది కూడా అమెరికా ఆసుపత్రికే.

తమ్ముడు: పోనీ, ఇంకో మాట అంటాను, ఏమీ అనుకోకు. తొమ్మిదిమందిమి ఏడు రోజులు ఒకేచోట. నాలుగో రోజుకల్లా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టారు, పాపని ఎవరు చూసుకుంటున్నారు, ఎవరు ఆలస్యంగా లేచారు. చిన్న ప్రయాణమైతే అందరం నవ్వుకుంటూ తిరిగొస్తాం.

అక్క: అంటే అనుకుందాం, మనం పరాయివాళ్లమా? నేను ఏడు రోజులు కావాలంటున్నది మంచుకొండల కోసం కాదురా. అమ్మ వచ్చిన దగ్గర్నుంచి ఏం చేస్తోందో చూశావా? నేను నైట్ షిఫ్టు చేసి వచ్చేసరికి పప్పు, కూర, చారు అన్నీ చేసి పెట్టి ఉంటోంది. వద్దంటే వినదు. మీ ఇంటికొచ్చినా అంతే, ముందు మీ వంటింట్లోకే వెళ్తుంది. బయట చలి, కారు నడపడం రాదు, పిల్లలు బడికి, మనం పనికి. మన పిల్లలతో నాన్న మాట్లాడేది రాత్రి భోజనాల దగ్గర పావుగంట. ఓడ మీద మొదటి రెండు నిండు రోజులు అమ్మ ఏమీ తోచక, ఇంట్లో ఏది ఎలా ఉందో అని అడుగుతూనే ఉంటుంది. మూడో రోజుకి గానీ కూర్చోదు. నీ లెక్కలో ఆ మూడో రోజు సాయంత్రం పెట్టె సర్దుకోవాలి. నాకు ఆ తర్వాతి రోజులు కావాలి. అమ్మ ఊరికే కూర్చుని ఉండగా నేను చూడాలి.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తిండి సంగతి ఎత్తాడు, అమ్మ బయటి తిండి తినదని. ముందుగా చెబితే భారతీయ శాకాహారం వండిపెట్టే ఓడలు చాలా ఉన్నాయి. అన్నం, పెరుగు దొరకడం కష్టం కాదు. ఆ సంగతి అంతటితో ఆగింది.

అతన్ని నిజంగా కదిలించింది పాప వయసు. ఓడల్లో పిల్లల కోసం నడిపే కిడ్స్ క్లబ్బుల్లో చాలావాటికి రెండు షరతులు: మూడేళ్లు నిండాలి, డైపర్ మానేసి ఉండాలి. డైపర్ వేసుకున్న పిల్లల్ని మామూలు పూల్‌లోకీ దిగనివ్వరు. ఫిబ్రవరికి పాపకి మూడేళ్లు నిండవు, ఆగస్టుకి నిండుతాయి. వెచ్చటి బహామాస్‌లో పిల్లని పూల్ గట్టు మీద కూర్చోబెట్టి మిగతా పిల్లలు ఈదడం చూపించాలా అని అతని భార్యే అడిగింది. దానికి అతని దగ్గర జవాబు లేదు.

తమ్ముడు: ఆగస్టుకి ఒప్పుకుంటున్నాను. కానీ మొదటిసారే ఏడు రాత్రులు మంచిదని మాత్రం నేను ఒప్పుకోలేదు, అది గుర్తుంచుకో. మనం ఫ్లోరిడాలో ఉండి ఉంటే నేను చెప్పిందే సరైనది. బావా, మీరు చెప్పండి.

చెప్తాను. రెజైనా నుంచి, సాస్కటూన్ నుంచి, విన్నిపెగ్ నుంచి మొదటిసారి కుటుంబంతో వెళ్లేవాళ్లకి ఏడు రాత్రులే సరైనవి. సముద్రం దాకా వెళ్లి రావడానికే రెండు మూడు రోజులు పోయేచోట, ఓడ మీద మూడు రోజులతో తిరిగి రావడం డబ్బుకీ లీవుకీ తగదు. మూడేళ్లలోపు పిల్లలున్నా, పెద్దవాళ్లకి ఈమధ్యే పెద్ద వైద్యం జరిగినా రాత్రులు తగ్గించుకోవడం కాదు, ఏడాది ఆగడం మంచిది. అమెరికా వీసా లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. బీసీ ఫెర్రీస్ వేసవిలో పోర్ట్ హార్డీ నుంచి ప్రిన్స్ రూపర్ట్ దాకా అదే ఇన్‌సైడ్ పాసేజ్‌లో పగటిపూట నడిపే ఫెర్రీ 16 గంటల ప్రయాణం, మొత్తం కెనడాలోనే. అమ్మ సముద్రానికి తట్టుకుంటుందో లేదో చూడాలనుకునేవాళ్లకి కూడా అది పనికొస్తుంది.

వాంకూవర్ వెళ్లేవాళ్లని ఇంకొకటి అడుగుతాను. ఓడెక్కే ముందు రోజు పిల్లల్ని తీసుకుని కోల్ హార్బర్ ఒడ్డున ఉన్న కొమగాటా మారు స్మారకం దగ్గరికి నడవండి. కెనడా ప్లేస్ నుంచి దగ్గరే. 1914 మే 23న మన దేశపు మనుషులు 376 మందితో వచ్చిన ఆ ఓడని రెండు నెలలు ఈ నీళ్లలోనే ఆపి, చాలామందిని కాలు మోపనివ్వకుండా జులై 23న వెనక్కి పంపేశారు. 2016లో కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అదే రేవు నుంచి మనం విహారానికి వెళ్తున్నాం. పిల్లలకి ఆ సంగతి తెలియాలి.

ఇక ఓడకి అడ్వాన్సు కట్టే ముందు వీసాల సంగతి చూసుకోండి. నాలుగు రాత్రులైనా ఏడు రాత్రులైనా రెండు దారులూ అమెరికా మీదుగానే. పీఆర్ ఉండి భారతీయ పాస్‌పోర్టు మీద ఉన్నవాళ్లకి అమెరికా వీసా తప్పదు. రెజైనాలో అమెరికా కాన్సులేట్ లేదు, ఇంటర్వ్యూకి కాల్గరీ వెళ్లాలి, తేదీ దొరకడానికి నెలలు పట్టవచ్చు. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకైతే బయల్దేరే ముందే హైదరాబాద్‌లో వేయించండి. మా అత్తయ్యగారికి, మామయ్యగారికి అలా వేయించిందే ఉంది. మా బావమరిది కుటుంబానికి ఇంకా కాల్గరీలో తేదీ దొరకాలి. అది దొరికిన రోజే ఓడకి డబ్బు కడతాం.